బరువు దిగాక ఏమైందంటే – నా అనుభవం

2024 నవంబర్ 17, ఆదివారం, ఉదయం ఆరున్నర. తూకం మీద 55.0 అని పడింది. దిగి మళ్ళీ ఎక్కాను. అదే. మూడోసారి కూడా అదే. 2023 మార్చి 6న ఇదే తూకం 82 చూపించింది. ఈ 27 కిలోలు దిగడానికి నాకు ఇరవై నెలల పదకొండు రోజులు పట్టింది. అప్పుడు నా వయసు 49.

నోట్‌బుక్ తీసి తేదీ, అంకె రాశాను. ప్రతి ఆదివారం బరువు రాసుకోవడానికి పేజీకి పన్నెండు గళ్ళు గీసుకునేదాన్ని. ఆ పేజీలో ఇంకా ఆరు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. వచ్చే ఆదివారం ఇందులో ఏం రాయాలి అనిపించింది. ఆ మాట అనుకున్న మరుక్షణం కడుపులో ఏదో జారినట్టయింది. సంతోషం రాలేదని కాదు, వచ్చింది. మా ఆయన, మా అమ్మాయి గంతులేసినంత పనిచేశారు. ఆ సంతోషం రాత్రి దాకా ఉంది. మర్నాడు పొద్దున లేచేసరికి దాని చోట ఏడుపు ఉంది. ఎందుకో తెలియదు. దాదాపు నాలుగు నెలలు అలాగే గడిచింది.

బరువు ఎలా తగ్గాలో చెప్పేవాళ్ళు నాకు చాలామంది దొరికారు. తగ్గాక లోపల ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ వయసులో ఇదే దారిలో ఉన్నవాళ్ళకి ముందే తెలిస్తే, కనీసం తమకేదో పిచ్చిపట్టిందని భయపడకుండా ఉంటారని రాస్తున్నాను.

మొదలు ఇలా జరిగింది. మామూలు పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగరు అని డాక్టరుగారు చెప్పారు. బీపీ మాత్ర అప్పటికే నాలుగేళ్ళుగా వేసుకుంటున్నాను. మోకాళ్ళు మెట్లు దిగేటప్పుడు ఎక్కువ నొప్పి. నడుము కొలత 101 సెంటీమీటర్లు. మన దక్షిణాసియా ఆడవాళ్ళకి 80 దాటకూడదట. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. 82 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క, దాదాపు 33. "లెక్క ప్రకారం 25 లోపు ఉంటే చాలంటారు కానీ, మనవాళ్ళకి 23 దాటినప్పటి నుంచే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందమ్మా. మీకది 57 కిలోలు. ముందు ఆరేడు కిలోలు తగ్గండి, దానికే చాలా మార్పు కనిపిస్తుంది" అన్నారు.

నేను ఇంటికొచ్చి నోట్‌బుక్ మొదటి పేజీలో 55 అని రాసుకున్నాను. 57 కాదు. ఎందుకంటే పాతికేళ్ళప్పుడు నా బరువు 55. ఆ అంకె దగ్గరికి వెళితే ఆ పాతికేళ్ళ మనిషి కూడా అక్కడ కూర్చుని నాకోసం ఎదురుచూస్తూ ఉంటుందని లోలోపల నమ్మాను. అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఆరోగ్యం కోసమే అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

చేసిన పనులు కొత్తవేమీ కావు. పిండిపదార్థం దాదాపు సగానికి తగ్గించాను, ప్రతి పూటా ప్రోటీన్ ఉండేలా చూసుకున్నాను, రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించాను, రోజుకి 45 నిమిషాలు నడిచాను. బరువు తగ్గే మందులు, ఇంజెక్షన్లు వాడలేదు. వాడేవాళ్ళని తక్కువ చేసి అనడం లేదు, నాకు అవసరం లేదని డాక్టరుగారు అన్నారు, అంతే. మూడు నెలలకి 74కి వచ్చాను. ఆ మూడు నెలలూ గాల్లో తేలినట్టుండేది.

జులైలో జుట్టు రాలడం మొదలైంది. తలస్నానం చేస్తే నీళ్ళు పోయే జాలీ మూసుకుపోయేది. దువ్వెన చూడాలంటే భయం. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. చివరికి డాక్టరుగారి దగ్గరికి వెళితే థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించి, అవి బాగానే ఉన్నాయని చూసి, అప్పుడు వివరించారు. వేగంగా బరువు తగ్గితే జుట్టు కుదుళ్ళలో చాలా భాగం ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయట, రెండు మూడు నెలలు గడిచాక ఆ వెంట్రుకలన్నీ కలిసి రాలతాయట. దాన్ని టీలోజెన్ ఎఫ్లూవియం అంటారు. ఎక్కువమందికి ఆరు నెలల్లో దానంతటదే ఆగుతుంది. నాకు డిసెంబరులో ఆగింది. ఇది అంత మామూలు విషయమైతే మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఆ రెండు వారాలు నేను పడ్డ టెన్షన్ అక్కర్లేనిది.

సెప్టెంబరులో మంచం మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. బీపీ చూస్తే 96/60. ఒళ్ళు తగ్గింది, మాత్ర మాత్రం పాత మోతాదులోనే ఉంది. డాక్టరుగారు సగానికి తగ్గించారు, 2024 ఫిబ్రవరిలో పూర్తిగా ఆపారు. బీపీకో షుగరుకో మందు వాడుతూ బరువు తగ్గుతున్నవాళ్ళు దయచేసి ప్రతి రెండు మూడు నెలలకీ ఒకసారి చూపించుకోండి. సొంతంగా ఆపేయకండి, సొంతంగా కొనసాగించకండి.

తర్వాత 67 దగ్గర బండి ఆగింది. అక్టోబర్ చివర్నుంచి జనవరి మధ్య దాకా, పదకొండు వారాలు. తినేది అదే, నడక అదే, అంకె కదలదు. ఆ పదకొండు గళ్ళలో 67.2, 67.5, 67.3 అని రాసిన పేజీ ఇప్పుడు చూసినా గొంతు పట్టేస్తుంది. డైటీషియన్ చాలా ఓపికగా చెప్పింది. ఒళ్ళు చిన్నదైతే దానికి కావలసిన శక్తీ తగ్గుతుంది, పైగా శరీరం ఇంకాస్త పొదుపు చేస్తుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు బరువు తగ్గినవాళ్ళని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పెంచే గ్రెలిన్ ఇంకా ఎక్కువగా, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ ఇంకా తక్కువగానే ఉన్నాయట. అది వినగానే ముందు ఊరట కలిగింది, నాలో లోపం లేదన్నమాట. ఇంటికొచ్చాక భయం వేసింది. ఈ ఆకలితో ఎన్నాళ్ళు కాపురం చేయాలి?

ఆ జనవరిలోనే శరీరంలో కొవ్వెంత, కండ ఎంత అని చూసే పరీక్ష చేయించుకున్నాను. తగ్గిన 15 కిలోల్లో దాదాపు నాలుగు కిలోలు కొవ్వు కాదని తేలింది. ఇది మామూలేనట, బరువు తగ్గితే కండ కూడా కొంత పోతుంది. కానీ యాభైకి దగ్గరవుతూ, నెలసరి గతి తప్పుతున్న వయసులో కండ, ఎముక బలం పోగొట్టుకోకూడదని వారానికి రెండుసార్లు బరువులెత్తే వ్యాయామం పెట్టారు. మొదటి రోజు రెండు కిలోల డంబెల్స్‌తోనే చేతులు వణికాయి. ఇప్పుడు పన్నెండు కిలోలు ఎత్తుతున్నాను. మొత్తం ప్రయాణంలో నాకు మిశ్రమం లేని, కల్తీ లేని ఆనందం ఇచ్చింది ఇదొక్కటే. ముందే మొదలుపెట్టలేదే అని మాత్రం బాధ.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. డైటీషియన్ ఫీజు, మూడు నెలలకోసారి పరీక్షలు ముందే లెక్కేసుకున్నాను. లెక్కలో లేనివి బట్టలు. నాలుగు సైజులు మారాను. రెండో సైజు దగ్గర మోజుపడి ఎక్కువ కొన్నాను, మూడు నెలలు కూడా తొడగలేదు. దిగే దారిలో ఉన్నంతకాలం రెండు మూడు జతలకి మించి కొనొద్దు. ఉంగరం 70 కిలోల దగ్గర సైజు తగ్గించాను, మళ్ళీ 58 దగ్గర తగ్గించాల్సి వచ్చింది. ఒక్కసారి ఆగి ఉంటే సరిపోయేది. కళ్ళజోడు ముక్కు మీంచి జారడం మొదలైంది. చెప్పులు వదులయ్యాయి. చెక్క కుర్చీలో అరగంట కూర్చుంటే వెన్ను కింది ఎముక నొప్పి, ఇంతకుముందు అక్కడ ఎముక ఉందనే తెలియదు. పక్కకి తిరిగి పడుకుంటే మోకాలి చిప్పలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, మధ్యలో దిండు పెట్టుకోవాల్సిందే. ఇంట్లో అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు నాకు చలి. పొట్ట మీదా, మోచేతుల పైనా చర్మం వేలాడుతోంది. ఈ వయసులో చర్మం పూర్తిగా బిగుసుకోదని, ఎక్కువగా ఉంటే ఆపరేషన్ ఒక్కటే దారి అని చెప్పారు. నేను వద్దనుకున్నాను. ఆ చర్మాన్ని చూసి బాధపడని రోజులున్నాయి, పడే రోజులూ ఉన్నాయి.

మంచివి దాచకూడదు. హెచ్‌బీఏ1సీ 5.4కి వచ్చింది. మోకాళ్ళ నొప్పి ముప్పావు వంతు పోయింది. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. నిద్రలో గురక పోయిందని మా ఆయన చెప్పారు. ఒకరోజు బస్సులో పక్క సీటు మనిషికి నా భుజం తగలకుండా కూర్చున్నానని గమనించాను. పదేళ్ళుగా ఎప్పుడూ అంచున ఒదిగి, ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఆ రోజు వెనక్కి ఆనుకున్నాను.

2024 జూన్‌లో 62కి చేరాను. బీఎంఐ 25 లోపలికి వచ్చింది. ఆ రోజు ఏమీ అనిపించలేదు. 55 రాలేదుగా, వచ్చాక అనిపిస్తుందిలే అనుకున్నాను. సెప్టెంబరు మధ్యలో 57 వచ్చింది. డాక్టరుగారు నిలబడి చేయి కలిపి "ఇక చాలమ్మా, ఇక్కడ నిలబెట్టుకోండి" అన్నారు. అప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇంకో రెండు కిలోలు, అన్నాను.

ఇక మనుషులు. 70 దాకా అందరూ మెచ్చుకున్నారు. 60 దిగాక "ఏంటి ఇలా చిక్కిపోయావు, ఒంట్లో బాగానే ఉందా?" అని గొంతు తగ్గించి అడగడం మొదలైంది. ఏదో పెద్ద జబ్బు దాస్తున్నానని ఒకరు మా ఆయన్ని పక్కకి పిలిచి అడిగారు. అవి పెద్దగా పట్టించుకోలేదు. గుచ్చుకున్నవి వేరే. ఆఫీసులో ఒక పెద్దాయన, తొమ్మిదేళ్ళుగా ఎదురుపడినా తల తిప్పుకుని పోయేవారు, ఇప్పుడు తలుపు పట్టుకుని నిలబడుతున్నారు. మీటింగుల్లో నా మాట మధ్యలో తుంచేయడం తగ్గింది. నేను చెప్పేది మారలేదు. అదే గొంతు, అదే పని, అదే అనుభవం. మారింది ఒళ్ళొక్కటే. వాళ్ళు మర్యాద చేసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళు ఇదంతా ఎక్కడ దాచిపెట్టారు అని అడగాలనిపించేది. 82 కిలోల ఆ మనిషి తరఫున ఎవరితోనైనా గట్టిగా పోట్లాడాలనిపించేది. "అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా" అని ఎవరైనా అంటే, ఆ 'అప్పటి' మనిషి పక్కనే నిలబడి వింటున్నట్టు నాకు సిగ్గేసేది.

విచిత్రం ఏమిటంటే నా తలకి మాత్రం ఒళ్ళు తగ్గిన సంగతి తెలియలేదు. ఇరుకు సందుల్లో ఇప్పటికీ పక్కకి తిరిగి నడుస్తాను. బట్టల దుకాణంలో చేయి దానంతటదే పెద్ద సైజుల వరస దగ్గరికి పోతుంది. అద్దాల గోడలో ఎవరో సన్నపాటి ఆవిడ ఎదురొస్తుంటే దారివ్వడానికి పక్కకి జరిగి, జరిగాక అది నేనేనని గుర్తుపట్టాను. ఇది చాలామందికి జరిగేదేనని, మెదడులో ఉన్న కొలతలు మారడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుందని తర్వాత తెలిసింది.

అన్నిటికన్నా కష్టమైంది ముఖం. 55 చేరాక ఒకరోజు తల దువ్వుకుంటూ అద్దంలో చూస్తే, అక్కడ పాతికేళ్ళ నేను లేను. బుగ్గలు లోపలికి పోయి, మెడ కింద చర్మం జారి, అమ్మ ఉంది. మా అమ్మకి 2016 జులైలో పక్షవాతం వచ్చింది. పద్నాలుగు నెలలు మంచంలో ఉండి పోయింది. ఆఖర్న 43 కిలోలు. నేను ఏ అమ్మాయి కోసం ఇరవై నెలలు నడిచానో ఆ అమ్మాయి రాలేదు. దువ్వెన కింద పెట్టి చాలాసేపు అలా నిలబడిపోయాను.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. పదహారేళ్ళ వయసు నుంచీ ఇద్దరిదీ ఒకే ఒళ్ళు, ఒకే సైజు. నా బీరువాలో తనవి, తన బీరువాలో నావి. పెళ్ళిళ్ళయి వేరే ఇళ్ళకి వెళ్ళినా అదే పద్ధతి. ఏది కొన్నా ఇద్దరికీ అని కొనేవాళ్ళం. అమ్మ మంచాన పడ్డ ఆ పద్నాలుగు నెలల్లో వంతులేసుకుని చూశాం, వేళకి తిండి లేక, నిద్ర లేక ఇద్దరమూ కలిసే లావయ్యాం. నేను ఒక్కదాన్నే పదకొండు కిలోలు పెరిగాను. మా ఇద్దరినీ ఎవరైనా ఏదైనా అంటే ఒకరి వైపు ఒకరం చూసుకునేవాళ్ళం. ఆ చూపులో చాలా ధైర్యం ఉండేది.

2024 సెప్టెంబరులో నా పాత బట్టలు రెండు సంచులు అక్కకి ఇచ్చాను. సంచి విప్పి చూడలేదు. తలుపు వెనక పెట్టేసింది. అంతకుముందు రోజూ ఫోను చేసేది, తర్వాత వారానికోసారి. వచ్చినా ఎదురుగా కూర్చోదు, వంటింట్లో ఏదో సర్దుతూ మాట్లాడుతుంది. 55 వచ్చిన రోజు ఫోన్ చేసి చెబితే "మంచిదమ్మా" అని పెట్టేసింది. అమ్మా అని పిలవదు నన్నెప్పుడూ. అక్కకి కుళ్ళుగా ఉందని మా ఆయనతో అన్నాను. అన్నాను కాబట్టి ఇక్కడ రాయాలి. నాలుగు నెలలు అదే నమ్మాను.

డిసెంబరు అంతా నిద్ర పట్టలేదు. బరువు పెరిగిపోతుందేమోనని రోజుకి మూడుసార్లు తూకం ఎక్కాను. ఒక పూట ఎక్కువ తింటే మర్నాడు మానేశాను. ఇది మంచి దారి కాదని మా అమ్మాయే గట్టిగా పట్టుబట్టి సైకాలజిస్టు దగ్గర పేరు రాయించింది. మూడు వారాలు ఆగాక, 2025 జనవరి రెండో వారంలో అపాయింట్‌మెంట్ దొరికింది. మొత్తం ఆరుసార్లు వెళ్ళాను. ఇది కూడా నా ఖర్చు లెక్కలో లేదు, కానీ మొదటి రోజే పెట్టుకోవాల్సిన ఖర్చు ఇదేనని ఇప్పుడు అనిపిస్తోంది. తూకం వారానికి ఒక్కసారే అని ఆవిడ మాట తీసుకుంది. లక్ష్యం అందాక ఇలా కుంగిపోవడం, పాత ఒంటిని పోగొట్టుకున్నట్టు దుఃఖపడటం తన దగ్గరికి వచ్చేవాళ్ళలో తరచుగా చూస్తానంది. ఆ ఒక్క మాటకే సగం బరువు దిగింది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఒక పని ఇచ్చింది. ఆ పాత ఒళ్ళు చేసిన పనులన్నీ రాసుకుని రమ్మంది. ఖాళీగా మిగిలిన ఆ ఆరు గళ్ళలోనే రాయడం మొదలుపెట్టాను. అమ్మాయిని కని పెంచింది. పద్దెనిమిదేళ్ళు ఉద్యోగం చేసింది. మూడోది రాస్తుంటే చేయి ఆగింది. అమ్మని మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు మోకాళ్ళు వంచి, అమ్మ చేతులు నా మెడ చుట్టూ వేయించుకుని, ఛాతీకి ఆనించుకుని లేపేదాన్ని. రోజుకి ఆరేడుసార్లు. అమ్మ తన తల నా భుజం మీద పెట్టి, ఆ కాస్త సేపు కళ్ళు మూసుకునేది. "నీ దగ్గర మెత్తగా ఉంటుందే" అనేది, మాట సరిగ్గా రాకపోయినా. ఆ భుజం ఇప్పుడు లేదు. ఇరవై నెలలు నేను అసహ్యించుకుంటూ కరిగించిన దాంట్లో అదీ ఉంది. గళ్ళు సరిపోలేదు, పేజీ వెనక్కి తిప్పి రాశాను.

2025 ఫిబ్రవరి 23, ఆదివారం. అక్క వచ్చింది. వెళ్ళబోతుంటే నేను కూడా కింద దాకా వస్తానని గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంటున్నాను. వెనక నుంచి చప్పుడు లేదు. తిరిగి చూస్తే అక్క గోడకి ఆనుకుని నోరు మూసుకుని ఏడుస్తోంది.

"ఏంటక్కా?"

"నువ్వలా వంగకే. వెనకనుంచి అచ్చం అమ్మే. ఆఖరి రోజుల్లో అమ్మ. ఆ భుజాల ఎముకలు... నేను చూడలేకపోతున్నాను."

నాకు మాట రాలేదు. ఎదురుగా ఎందుకు కూర్చోలేదో, ఫోన్లు ఎందుకు తగ్గాయో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. "నీకు కోపమనుకున్నాను. నేను నిన్ను వదిలేసి వెళ్ళానని" అన్నాను.

"అది కూడా ఉంది" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "అది లేదని ఎందుకంటాను? ఇద్దరం ఒకలా ఉండేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా నన్నే చూస్తారు, చెల్లెలు తగ్గింది, నీకేమైంది అని. కానీ నీకు బాగైందని సంతోషం కూడా ఉందే. నీ బీపీ మాత్ర ఆగిందంటే నేను ఎంత మొక్కుకున్నానో నీకు తెలియదు. అన్నీ ఉన్నాయి. అందుకే ఏం మాట్లాడాలో తెలియలేదు."

నాకున్నవే తనకీ ఉన్నాయి. చెప్పులు విప్పేసి ఇద్దరం గుమ్మంలోనే కూర్చున్నాం. చీకటి పడే దాకా అమ్మ గురించి మాట్లాడుకున్నాం. అక్కని తగ్గమని నేను ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. మార్చిలో తనే వచ్చి, ఆ బరువులెత్తే వ్యాయామం ఒక్కటి నేర్పవే, తూకం మాట ఎత్తకు అంది. వారానికి రెండు రోజులు కలిసి చేస్తున్నాం.

ఇది రాస్తున్నది 2025 జూన్‌లో. నా బరువు 56.4. డైటీషియన్ 55 నుంచి 57 మధ్య అని గీత గీసింది. ఆకలి ఉంది. నలభై ఏళ్ళ తర్వాత బరువు నిలబెట్టుకోవడం తగ్గడం కన్నా నెమ్మదైన పని, మెచ్చుకునేవాళ్ళు ఉండని పని. కొవ్వు కణాలు చిన్నవవుతాయే తప్ప వాటి సంఖ్య తగ్గదని డైటీషియన్ చెప్పింది, అవి ఎదురుచూస్తూనే ఉంటాయన్నమాట. భయం పోలేదు. ఆఫీసులో ఆ పెద్దాయన తలుపు పట్టుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పాత ఫోటోలు తీసి చూస్తే మాత్రం ఇప్పుడు ముఖం తిప్పుకోవడం లేదు.

పోయిన నెల అక్క ఆ రెండు సంచులూ తలుపు వెనక నుంచి తీసి విప్పింది. అందులో నీలం డ్రెస్సు ఒకటి ఉంది, అమ్మ బాగున్న రోజుల్లో తను కొనిపెట్టింది. ఇద్దరం మార్చి మార్చి వేసుకున్నది. అది నాకు కావాలన్నాను. "ఇందులో ఇప్పుడు నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు" అని కుట్టుమిషను ముందు కూర్చుంది. నా చుట్టూ టేపు తిప్పి కొలిచింది. పక్కల కుట్లు విప్పి, చాలా లోపలికి కొత్త కుట్టు వేసింది. మిగిలిన గుడ్డ రెండు వైపులా నాలుగేసి అంగుళాలుంది. కత్తెర తీసుకుంది. నేను వద్దని అనబోయేలోపే కత్తెర పక్కన పెట్టేసి, ఆ గుడ్డని లోపలికి మడిచి, చేత్తో వదులుగా టాకా వేసింది.

"ఉండనీ" అంది. "కావాలంటే విప్పుకోవచ్చు."

ఒకప్పుడైతే ఆ మాటకి నొచ్చుకునేదాన్నేమో. వేసుకుని వచ్చాను. ముందు నుంచి చూసి తల ఊపింది. కాసేపు ఆగి, "వెనక్కి తిరుగు" అంది.

తిరిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. మిషను చప్పుడు కూడా లేదు. తర్వాత అక్క చేయి నా భుజం ఎముక మీద పడింది. అక్కడి కుట్టు రెండు వేళ్ళతో పట్టి చూస్తూ, "ఇక్కడ ఇంకా కాస్త లూజుంది. విప్పి ఇవ్వు, మళ్ళీ వేస్తాను" అంది.